ముగ్గురు డాక్టర్లు మూడు ఆపరేషన్లు చెప్పారు, ఏది చేయించాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది వరంగల్ పక్కన పల్లె. మా ఆయనకు 39 ఏళ్లు, ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. ఐదు నెలల కింద మిర్చి బస్తా ఎత్తుతుంటే నడుము పట్టేసింది. నడుము నొప్పి కొన్నాళ్లకు సర్దుకుంది గానీ ఎడమ పిరుదు నుంచి పిక్క పక్కగా పాదం మీది దాకా గుంజుడు మొదలైంది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నారు, బెల్టు పెట్టుకున్నారు, ఫిజియోథెరపీకి కూడా తిరిగారు. ఎంఆర్ఐలో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జారి ఎడమ నరాన్ని నొక్కుతోందని, దాని కింద ఎల్5-ఎస్1 దగ్గర కూడా బల్జ్ (డిస్క్ ఉబ్బు) ఉందని రాశారు. ఒక డాక్టర్ చిన్న కోతతో డిస్క్ ముక్క తీస్తే చాలన్నారు. ఇంకొకరు రెండు చోట్లా రాడ్లు, స్క్రూలు వేయాలన్నారు. మూడో చోట లేజర్‌తో కోత లేకుండా చేసి సాయంత్రానికే ఇంటికి పంపిస్తామన్నారు. నడుము ఆపరేషన్ అంటే కాళ్లు పడిపోతాయని మా వాళ్లంతా భయపెడుతున్నారు. ఆయనేమో మిర్చి సీజన్ అయ్యాక చూద్దాం, అప్పటిదాకా ఒక ఇంజెక్షన్ వేయించుకుంటా అంటున్నారు. నెల రోజుల నుంచి నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు తెలియకుండానే జారిపోతోంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, అన్నీ రాసి చివర్లో చెప్పు జారిపోతోందని ఒక్క ముక్క రాశారు. మూడు ఆపరేషన్లలో ఏది అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం. ముందు చూడాల్సింది అదే.

నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య డిస్క్ జారితే సాధారణంగా ఒత్తిడి పడేది ఎల్5 అనే నరం మీద. పాదాన్నీ, కాలి బొటనవేలినీ పైకి లేపే బలం ఎక్కువగా ఆ నరం నుంచే వస్తుంది. పాదం మీద స్పర్శ కూడా దానిదే. చెప్పు జారడానికి స్పర్శ తగ్గడం కారణం కావచ్చు, పాదంలో బలం తగ్గడం కావచ్చు. ఈ రెండూ ఒకటి కావు. మొద్దుబారితే కొంత ఆగి చూడొచ్చు. బలం పోతుంటే ఆగకూడదు.

ఈ రోజే ఇంట్లో చూడండి. గోడ పట్టుకుని, పాదాల ముందు భాగం పైకి లేపి, మడమల మీద నాలుగు అడుగులు వేయమనండి. కుడి పాదం లేచినంత ఎడమది లేవకపోతే బలం తగ్గినట్టే. తర్వాత మంచం మీద పడుకోబెట్టి రెండు బొటనవేళ్లనూ పైకి లేపి ఉంచమని చెప్పి, మీ వేళ్లతో కిందికి నొక్కండి. ఎడమ వేలు తేలిగ్గా వంగిపోతే అదీ ఆ గుర్తే. మెట్లెక్కేటప్పుడు కాలి వేళ్లు మెట్టుకు తగులుతున్నాయా, నడుస్తుంటే పాదం టప్‌మని నేలను కొడుతోందా అని కూడా గమనించండి. వీటిలో ఏది కనిపించినా సీజన్ మాట పక్కనపెట్టి రెండు మూడు రోజుల్లో న్యూరోసర్జన్‌కో, వెన్నెముక ఆపరేషన్లు చేసే ఆర్థోపెడిక్ సర్జన్‌కో చూపించాలి. బలహీనత రోజురోజుకూ పెరుగుతుంటే ఆ రోజే వెళ్లాలి. ఒత్తిడిలో ఎక్కువ కాలం నలిగిన నరం, తర్వాత ఎంత మంచి ఆపరేషన్ చేసినా పూర్తిగా కోలుకుంటుందన్న భరోసా ఉండదు.

ఇంకో సంగతి. గుంజుడు తగ్గింది గానీ పాదం లేవడం లేదు అంటే అది మంచి కబురు కాదు. నొప్పి పోయింది కదా అని చాలామంది సంతోషపడి ఊరుకుంటారు. నరం దెబ్బతింటూ పోతే నొప్పి చెప్పే శక్తి కూడా తగ్గుతుంది.

అసలు రాత్రికి రాత్రే పరుగెత్తాల్సిన పరిస్థితి వేరే ఉంది. మూత్రం రాకపోవడం, లేదా వస్తున్నట్టు తెలియకపోవడం, మలం ఆపుకోలేకపోవడం, సైకిల్ సీటు తగిలే భాగమంతా మొద్దుబారడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం. డిస్క్ పెద్దగా జారి కింది నరాల కట్టనంతా నొక్కేస్తే ఇలా అవుతుంది. దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. అరుదు, కానీ వస్తే గంటలు లెక్కపెట్టుకోవాలి. ఒకటి రెండు రోజుల్లోపు, ఎంత త్వరగా అయితే అంత త్వరగా, ఒత్తిడి తీసేయాలి. మగవాళ్లు ఈ సంగతులు సిగ్గుపడి చెప్పరు. మీరే అడగండి.

ఇప్పుడు మీ మూడు ఆపరేషన్ల దగ్గరికి వద్దాం.

రెండు పూసల మధ్య ఉండే డిస్క్‌కు బయట గట్టి పీచు పొర, లోపల మెత్తని గుజ్జు ఉంటాయి. బాగా పండిన మామిడిని పిసికితే ముచ్చిక దగ్గర రసం చిమ్మినట్టు, పీచు పొర చిట్లిన చోటు నుంచి లోపలి గుజ్జు బయటికి వస్తుంది. పక్కనే నరం ఉంటుంది. ఆ గుజ్జు నరాన్ని ఒత్తడమే కాకుండా దాని చుట్టూ వాపు కూడా తెప్పిస్తుంది. కాలు గుంజేది అందుకే. బయటపడిన ఆ ముక్కను చాలామందిలో ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. పెద్ద ముక్కలు, విడిపోయిన ముక్కలు ఇంకా బాగా కరుగుతాయి. అందుకే డిస్క్ జారిన వాళ్లలో ఎక్కువ మంది ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తేరుకుంటారు. మీ ఆయనకు ఐదు నెలలైంది, మందులూ వ్యాయామమూ అయ్యాయి, అయినా గుంజుడు ఉంది. కాబట్టి ఇప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించడం తొందరపాటు కాదు.

దీనిమీద రెండు పరిశోధనలు మీకు పనికొస్తాయి. 2007లో నెదర్లాండ్స్ డాక్టర్లు 283 మందిని పరిశీలించారు. వాళ్లంతా ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలు గుంజుడుతో తీవ్రంగా బాధపడుతున్నవాళ్లు. కొందరికి వెంటనే ఆపరేషన్, మిగిలినవాళ్లకు ముందు మందులు, తప్పదనుకుంటేనే ఆపరేషన్. వెంటనే చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా పోయింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఆగి చూసిన గుంపులో పది మందిలో నలుగురు చివరికి ఆపరేషన్ చేయించుకున్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2020లో కెనడా డాక్టర్లు మీ ఆయనలాంటి వాళ్లను, అంటే నాలుగు నుంచి పన్నెండు నెలలుగా గుంజుడు ఉన్నవాళ్లను తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే, డిస్క్ ముక్క తీయించుకున్నవాళ్లకు కాలి నొప్పి స్పష్టంగా తక్కువ ఉంది. కొత్తగా వచ్చిన నొప్పికి ఓపిక పట్టడం మంచిది. నెలలు దాటిన నొప్పికి ఆపరేషన్‌తో లాభం ఎక్కువ.

మొదటి డాక్టర్ చెప్పింది మైక్రోడిసెక్టమీ. మీరు రాసిన వివరాలను బట్టి మీ ఆయనకు సరిపోయేది అదేనని నా అభిప్రాయం. బోర్లా పడుకోబెట్టి, నడుము మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, కండరాన్ని పక్కకు జరిపి, పూస అంచున కాస్త ఎముక తీసి దారి చేసుకుంటారు. మైక్రోస్కోప్‌లో చూస్తూ నరాన్ని మెల్లగా పక్కకు జరిపి, దాన్ని ఒత్తుతున్న ముక్కను తీసేస్తారు. డిస్క్ మొత్తం తీయరు. చాలామంది అక్కడే పొరబడతారు, డిస్క్ అంతా తీసేస్తే పూసలు ఎలా ఆగుతాయని భయపడతారు. బయటికొచ్చిన ముక్క, దాంతోపాటు వదులుగా ఉన్నది మాత్రమే తీస్తారు. ఇది సాధారణంగా గంట, గంటన్నర పని. ఆ సాయంత్రమో, మర్నాడో లేపి నడిపిస్తారు.

ఇదే పనిని సన్నటి గొట్టం పెట్టి చేయొచ్చు, ఎండోస్కోప్ కెమెరాతో చేయొచ్చు, కొంచెం పెద్ద కోతతో పాత పద్ధతిలో ఓపెన్‌గానూ చేయొచ్చు. కోత చిన్నదైతే మొదటి రోజుల్లో కండరం నొప్పి కొంత తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు. ఏడాది తర్వాత కాలి నొప్పి సంగతి చూస్తే వీటి మధ్య తేడా పెద్దగా ఉండదు. అందుకని పద్ధతి పేరు చూసి ఆసుపత్రిని ఎంచుకోకండి. ఆ డాక్టర్‌కు ఏ పద్ధతిలో చేయి తిరిగిందో అందులో చేయించుకోవడమే క్షేమం.

మూడో చోట చెప్పిన లేజర్ గురించి జాగ్రత్త. మన దగ్గర బోర్డుల మీద లేజర్, ఎండోస్కోపీ, కీహోల్ అన్నీ కలిపి రాసేస్తున్నారు. ఎండోస్కోపీ అంటే కెమెరాలో చూస్తూ ముక్కను బయటికి తీయడం. అది అసలైన ఆపరేషనే. లేజర్ పేరుతో చేసే వాటిలో ఎక్కువ భాగం డిస్క్‌లోకి సూది పంపి లోపలి గుజ్జును కొంత ఆవిరి చేయడం. ఓజోన్ ఇంజెక్షన్ కూడా అలాంటి ఆలోచనే. పీచు పొర దాటి బయటపడిన ముక్కకు డిస్క్ లోపల చేసే ఈ పనులు సరైన జవాబు కాదు. పాదంలో బలం తగ్గుతున్న మనిషికి అసలే కాదు. వాళ్లను సూటిగా అడగండి: నరాన్ని ఒత్తుతున్న ముక్కను మీరు కళ్లతో చూసి బయటికి తీస్తారా, తీయరా? తీస్తామంటే అది ఎండోస్కోపీ, దాని గురించి ఆలోచించొచ్చు. తీయమంటే ఆ డబ్బు మిగుల్చుకోండి.

రాడ్లు, స్క్రూల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. మీ కుటుంబం మీద ఎక్కువ బరువు పడేది అక్కడే. స్క్రూలు వేసి రెండు పూసలను కదలకుండా బిగించి, కాలక్రమంలో ఒకటిగా అతుక్కునేలా చేయడాన్ని ఫ్యూజన్ అంటారు. ఒక పూస ఇంకో పూస మీద ముందుకు జారినవాళ్లకు, వంగి లేచినప్పుడు పూసలు అదుపు తప్పి కదిలేవాళ్లకు, ఒకే చోట డిస్క్ మళ్లీ మళ్లీ జారి నడుము నొప్పి కూడా తీవ్రంగా ఉన్నవాళ్లకు ఇది కావాల్సిందే. అలాంటివాళ్లకు మేలు చేస్తుంది. కానీ మొదటిసారి డిస్క్ జారి, నడుము కన్నా కాలే ఎక్కువ బాధపెడుతూ, పూసలు నిలకడగా ఉన్న మనిషికి మామూలుగా ఫ్యూజన్ అక్కర్లేదు. కోత పెద్దది, రక్తం ఎక్కువ పోతుంది, కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఖర్చు ఎన్నో రెట్లు. బిగించిన చోట కదలిక పోతుంది కాబట్టి పైనా కిందా ఉన్న డిస్క్‌ల మీద భారం పెరిగి, కొన్నేళ్లకు అవి అరిగే అవకాశమూ ఉంది. 39 ఏళ్ల కష్టజీవికి ఇది చిన్న విషయం కాదు.

ఆ డాక్టర్ తప్పు చెప్పారని నేను అనడం లేదు. ఎక్స్‌రేలో మీరు రాయని సంగతి ఏదైనా ఆయనకు కనిపించి ఉండొచ్చు. అందుకే మళ్లీ వెళ్లి అడగండి: పూస జారిందా? నిలబడి ముందుకు వంగినప్పుడు, వెనక్కి వాలినప్పుడు తీసిన ఎక్స్‌రేల్లో పూసలు కదులుతున్నాయా? ఆ ఎక్స్‌రేలు ఇంతవరకు తీయకపోతే, స్క్రూల మాట ఒప్పుకునే ముందు తీయించుకోవాలి. రెండు చోట్లా ఎందుకన్నది కూడా అడగాలి. రిపోర్టులో ఎల్5-ఎస్1 దగ్గర బల్జ్ అని రాశారు గానీ, మీరు చెప్పిన బాధంతా పై డిస్క్‌తోనే సరిపోతోంది. నడుము నొప్పే లేని మనుషులకు స్కాన్ తీసిన పరిశోధనలన్నీ కలిపి 2015లో ఒక లెక్క తీశారు. 40 ఏళ్ల వయసువాళ్లలో దాదాపు సగం మందికి ఎక్కడో ఒకచోట బల్జ్ ఉంది. వాళ్లకు ఏ బాధా లేదు. కాలు చెప్పేదీ, డాక్టర్ చేత్తో పరీక్ష చేసి కనిపెట్టేదీ, ఫిల్మ్‌లో కనిపించేదీ మూడూ ఒకే నరాన్ని చూపిస్తేనే అక్కడ ఆపరేషన్. ఫిల్మ్‌లో మాత్రమే ఉన్నదాని జోలికి పోవద్దు.

కృత్రిమ డిస్క్ పెడతామని కూడా కొన్నిచోట్ల చెబుతారు. అది నరం ఒత్తిడికి మొదటి వైద్యం కాదు, మీరు పట్టించుకోనక్కర్లేదు.

ఇక ఇంజెక్షన్ వేయించుకుని సీజన్ చేస్తానన్న మాట. నరం చుట్టూ స్టెరాయిడ్ మందు వేసే ఇంజెక్షన్ వాపు తగ్గించి కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. ఎక్స్‌రే మెషీన్ కింద చూస్తూ, తెలిసినవాళ్లు వేస్తే మంచి సాధనమే. ఆపరేషన్ ఇష్టం లేనివాళ్లకు సమయం ఇస్తుంది. కానీ పోయిన బలాన్ని తేదు. నొప్పి తెలియకుండా చేసి, అదే నడుముతో రోజంతా బస్తాలు మోయించడం కన్నా ప్రమాదం ఇంకొకటి లేదు. ఆర్ఎంపీ దగ్గర వేయించుకున్న సూదుల్లో ఏ మందు ఉందో కనుక్కుని రాసి పెట్టుకోండి. స్టెరాయిడ్ పదేపదే ఎక్కించి ఉంటే షుగర్ పెరిగి ఉండొచ్చు. డైక్లోఫెనాక్‌లాంటి నొప్పి మందులు నెలల తరబడి వాడి ఉంటే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షల్లో షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తప్పకుండా చూడమనండి.

మీ వాళ్లు భయపెడుతున్న కాళ్లు పడిపోవడం గురించి. వెన్నుపాము సాధారణంగా నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. మీ ఆయనకు డిస్క్ జారిన చోట వెన్నుపామే ఉండదు, విడివిడి నరాల కట్ట మాత్రమే ఉంటుంది. అక్కడ ఒక ముక్క తీసినందుకు రెండు కాళ్లూ చచ్చుపడిపోవడం చాలా చాలా అరుదు. అలాగని ప్రమాదమే లేదని చెప్పను. నరాల చుట్టూ ఉన్న పొరకు చిల్లి పడి నీరు కారడం వందలో కొద్దిమందికి జరుగుతుంది, ఎక్కువగా అక్కడే కుట్టేసి కొన్నాళ్లు పడుకోబెడితే మానుతుంది. చీము పట్టడం వందకు ఒకరిద్దరిలో ఉండొచ్చు. నరానికే దెబ్బ తగలడం ఇంకా తక్కువ. నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సింది వేరే: అదే డిస్క్ మళ్లీ జారడం. వందలో ఐదు నుంచి పదిహేను మందికి ఇలా జరుగుతుంది. పీచు పొరలో పడ్డ చిల్లు అలాగే ఉంటుంది కాబట్టి. మళ్లీ జారినా చాలాసార్లు మళ్లీ ముక్క తీయడమే సరిపోతుంది, వెంటనే స్క్రూల దాకా పోనక్కర్లేదు.

ఈ ఆపరేషన్ దేనికి పనికొస్తుందో కూడా ముందే తెలుసుకుంటే తర్వాత నిరాశ ఉండదు. కాలి గుంజుడు బాగా తగ్గుతుంది, చాలామందికి మత్తు దిగగానే తేడా తెలుస్తుంది. పాదం బలం వారాలు, నెలలు తీసుకుని వస్తుంది. మొద్దుబారడం అన్నిటికన్నా ఆలస్యం, కొంత మిగిలిపోవచ్చు కూడా. నడుము నొప్పి తగ్గుతుందని మాత్రం గట్టిగా చెప్పలేం.

డబ్బు సంగతి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కింద ప్రయత్నించండి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వర్తిస్తోంది. అయితే ప్రతి ఆసుపత్రిలో ప్రతి ఆపరేషన్ అందులో ఉండదు. అడ్మిట్ అయ్యే ముందే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి, ఫలానా ఆపరేషన్ ఇక్కడ ఆరోగ్యశ్రీలో ఉందా, పైన చేతి నుంచి ఏమైనా కట్టాలా అని అడగండి. వరంగల్‌లో ముందు ఎంజీఎంకు వెళ్లి న్యూరోసర్జరీ డాక్టర్లు చూసే రోజు ఎప్పుడో కనుక్కోండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ నిమ్స్ ఉంది. బస్సులో అంతసేపు కూర్చుంటే గుంజుడు పెరుగుతుంది, కాజీపేట నుంచి రైల్లో వెళ్తే మధ్యమధ్య లేచి నిలబడొచ్చు.

ఆపరేషన్ అయ్యాక మంచానికి కట్టేయకండి. మొదటి రోజు నుంచే నడవాలి, రోజుకు కొంచెం కొంచెం పెంచాలి. ఆరు వారాల పాటు వంగడం, నడుము తిప్పడం, బరువులెత్తడం వద్దు. కింద కూర్చుని తినొద్దు. లెట్రిన్ కింద కూర్చునేది అయితే కొన్ని వారాలు పైన పెట్టే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. ఆయనకు బీడీ అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి. పొగ డిస్క్‌కు అందే పోషణను తగ్గిస్తుంది, గాయం త్వరగా మాననివ్వదు.

పని విషయం కష్టంగానే ఉంటుంది, దాచను. కూర్చుని లేచే తేలిక పనులకు నాలుగు నుంచి ఆరు వారాల్లో వెళ్లొచ్చు. హమాలీ పనికి కనీసం మూడు నెలలు, అదీ డాక్టర్ పాదం బలం చూసి సరేనన్నాకే. ఆ తర్వాత కూడా నలభై కిలోల బస్తా వీపున వేసుకుని లారీ ఎక్కే పని ఆయన నడుముకు మంచిది కాదు. ఈ సీజన్‌కు పూర్తిగా దూరంగా ఉండాల్సిందే. ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే హమాలీ సంఘం పెద్దలతో, ఆయన పనిచేసే అడ్తి దగ్గర మాట్లాడండి. కాంటా దగ్గరో, బస్తాలు కుట్టే దగ్గరో, లెక్క రాసే దగ్గరో చోటు ఇప్పించమని అడగండి. ఆయన నోటితో అడగడానికి మొహమాటపడితే మీరు వెళ్లి అడగండి, ఎంఆర్ఐ రిపోర్టు చూపించండి. ఇంట్లో ఆ మూడు నెలలు ఎలా గడుస్తాయన్నది తేలకపోతే ఆయన కుట్లు ఆరకముందే మార్కెట్‌కు వెళ్లిపోతారు. చాలామంది విషయంలో అలాగే జరుగుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ఎంఆర్ఐ ఫిల్మ్‌లు, సీడీ ఇచ్చి ఉంటే అదీ, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. ఎంఆర్ఐ తీసింది చెప్పు జారడం మొదలుకాక ముందైతే ఆ సంగతి గుర్తుచేయండి, మళ్లీ తీయాల్సి రావొచ్చు. గదిలోకి వెళ్లగానే నొప్పి గురించి కాకుండా, ఎడమ పాదం లేవడం లేదన్న అనుమానం ఉందని మొదట చెప్పండి.